ఒడి కూర

పాతకాలం తిండే తిండి, ఆనాటి జొన్న రొట్టెలోనే బలముంది అని ఈమధ్య ఎవరైనా అంటే నాకు చిరాకు వస్తుంది. ఆ రొట్టెను మేము ఎంత సిగ్గుపడుతూ తిన్నామో వాళ్ళకు తెలియదు. జొన్నలు విసిరి ఆ రవ్వతో గటక వండుకునే ఇల్లంటే పిల్లనివ్వడానికి వెనకాడిన రోజులవి. వరి అన్నం తినే ఇల్లని తెలిస్తే చాలు, మిగతావేవీ అడగకుండానే మాట ఇచ్చేసేవాళ్ళు. నేను అట్లాగే అత్తవారింటికి వచ్చాను. ఆ సిగ్గు మూలానే నా బిడ్డ కన్ను ఒకటి పోగొట్టాను. రెండోదాన్ని కూడా పోగొట్టబోయి ఆగాను. తిండి బలం సంగతి ఇంకెవరైనా చెప్పనీ, ఆ సిగ్గు సంగతి నేను చెబుతాను.

మా పుట్టిల్లు మాచారెడ్డి దిక్కు ఒక చిన్న ఊరు. అక్కడంతా ఎర్ర చెలక. వాన పడితే పంట, లేకపోతే లేదు. జొన్న సాళ్ళ మధ్యన కంది, అనుములు, బొబ్బర్లు, చేను అంచున పుంటికూర, ఆ పక్కన నాలుగు సాళ్ళు నువ్వులు, అన్నీ ఒకే చేనులో కలిసి పెరిగేవి. ఎవరూ విత్తకుండా మొలిచేవి వేరే ఉండేవి. గునుగు, తుమ్మి, పాయిలి, ఎలుకచెవి కూర. బతుకమ్మను పేర్చే గునుగు పువ్వు అందరికీ తెలుసు గాని, అది పువ్వు కాకముందు లేతాకుగా ఉన్నప్పుడు మా ఇళ్ళలో రోజూ కూరయ్యేది.

కలుపు తీయడానికి ఆడవాళ్ళు ఒకరి చేనుకు ఒకరు కూలికి పోయేవాళ్ళు. కూలి గింజలు సాయంత్రం కొలిచి పెట్టేవాళ్ళు. కొలత లేనిది ఒకటి ఉండేది. కలుపులో తినే ఆకు ఏది దొరికినా, ఎవరి ఒడిలో ఎంత పడితే అంత వాళ్ళది. దాన్ని ఒడి కూర అనేవాళ్ళం. కూలి గింజలు పిడికెడు తగ్గితే ఓర్చుకునే ఆడవాళ్ళే, ఒడి కూర మీద ఎవరైనా మాట అంటే కొంగు నడుముకు చుట్టి పోట్లాటకు దిగేవాళ్ళు. మా దిక్కు అమ్మను అవ్వ అంటాం. మా అవ్వ పొద్దుగూకే వేళకు ముందర బరువుతో, నిండు చూలాలు నడిచినట్టు నడుచుకుంటూ వచ్చేది. ఆ ఒడి విప్పితేనే మాకు ఆ పూట కూర.

నన్నిచ్చిన ఊరు నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం చెరువు నీళ్ళు పారే భూములు. ఆ నీళ్ళు రాకముందు మా అత్తగారిది కూడా గటక తిన్న కడుపే. ఆమె కూడా ఊళ్ళోవాళ్ళ చేలలో కలుపు తీసి ఒడి నింపుకుని వచ్చిన మనిషే. నీళ్ళు వచ్చి, నాలుగు మళ్ళు కుదిరి, ఇంట్లో వరి కుండ పొయ్యి ఎక్కినాక మాత్రం కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అయింది. ఇంటి ఆడవాళ్ళు పొలం గట్టు ఎక్కకూడదు. గటక వాసన ఇంట్లో రాకూడదు. కలుపు కూర పొయ్యి ఎక్కకూడదు. ఊరి మీద మెరకలో ఉన్న చెలకను కూడా దున్నడం మానేసి, గొడ్ల మేతకు వదిలిపెట్టారు. ఆమె చెడ్డది అని నేను అనను. ఆకలి చూసిన మనిషి ఆకలిని గుర్తుచేసే వస్తువులన్నీ ఇంట్లోంచి బయట పారేసింది, అంతే.

నేనేమీ తక్కువ దాన్ని కాను. మూడు పూటలా తెల్లటి అన్నం, పచ్చిపులుసు, తొక్కు, చివర ఇంత సల్ల. మా ఊళ్ళో పండుగకు తినే అన్నం ఇక్కడ పొద్దున చద్దికి తింటున్నానని నాకు మురిపెం. బర్రె ఈనినప్పుడు పాలన్నీ తోడుకు పోయేవి, వెన్న నెయ్యయ్యేది, నెయ్యి ఎల్లారెడ్డి అంగడికి పోయేది. మాకు మిగిలేది నీళ్ళ సల్లే అయినా లోటనిపించలేదు. పుట్టింటికి పోయినప్పుడు నా ఈడు వాళ్ళతో మా ఇంట్లో గటక కుండే లేదని చెప్పుకునేదాన్ని. వాళ్ళు నా చేతుల నునుపు చూసేవాళ్ళు.

బిడ్డ పుట్టింది. నాలుగేండ్లది అయింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలు కావడానికి ఇంకా రెండేండ్లు ఉంది. ఆ శ్రావణంలో మా అవ్వ మనవరాలిని చూడాలని బయలుదేరింది. కామారెడ్డి దాకా నడిచి, అక్కడ ఎరిగినవాళ్ళ అరుగు మీద తలవాల్చి, ఎల్లారెడ్డి పోయే బండి ఏదో పట్టుకుని, మళ్ళీ నడిచి, రెండో రోజు మధ్యాహ్నానికి మా వాకిట్లోకి వచ్చింది. నెత్తి మీద మూట. మూటలో మోదుగ ఆకుల మధ్య, తడి గుడ్డలో చుట్టిన గునుగు కూర. దారి పొడుగునా బావి కనపడ్డ చోటల్లా గుడ్డ తడుపుకుంటూ వచ్చిందట. ఇక్కడ వరి తప్ప ఏమీ ఉండదని విన్నది, మనవరాలు ఏం కూర తింటున్నదో అని ఆమెకు బెంగ.

మా అత్త ఆ మూట వైపు చూసి ఏమీ అనలేదు. అనకుండా చూసిన ఆ చూపుకే నాకు చెవులు వేడెక్కాయి. అవ్వ మర్నాడు పొద్దున వెళ్ళిపోయింది. ఆమె ఊరి మలుపు తిరిగిందో లేదో, నేను ఆ కూరంతా తీసుకుపోయి దొడ్లో ఎడ్ల ముందర వేశాను. అవి తలలు ఊపుకుంటూ కమ్మగా తిన్నాయి. మా అత్త అది చూసి, కోడలికి మర్యాద తెలుసు అన్నట్టు ఆ రోజంతా నాతో మంచిగా మాట్లాడింది. నాకు సంతోషమయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు నిజంగానే సంతోషమయింది.

దసరా పోయినాక బిడ్డలో మార్పు కనపడింది. పగలంతా గంతులు వేసే పిల్ల, దీపాలు పెట్టే వేళకు ఒకచోట కూలబడేది. లేపితే గోడకు చెయ్యి ఆనించి నడిచేది. గడప దగ్గర కాలు ఎంత ఎత్తాలో తెలియక రెండుసార్లు పడింది. తొందరగా నిద్రకు వస్తున్నదని మేము అనుకున్నాం. మొండితనం అని మా అత్త అన్నది. ఒక సాయంత్రం నీళ్ళ చెంబు తెమ్మంటే చెంబు పక్కనే నిలబడి గాలిలో చేతులు తిప్పింది. నాతో ఆటలాడుతున్నదనుకుని చెంప మీద కొట్టాను. ఏడవలేదు. దెబ్బ ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

అసలు సంగతి మొదట చెప్పింది మా నాట్లకు, కలుపుకు కూలికి వచ్చే ఒక ఆవిడ. ఊరి అవతలి వాడకట్టులో ఉండేది. వాళ్ళింట్లో అందరూ ఆదివారం ప్రార్థనకు పోయేవాళ్ళు. వడ్లు కొలిపించుకోవడానికి వచ్చి వాకిలి బయట నిలబడి, లోపల తడుముకుంటూ నడుస్తున్న పిల్లను చూసింది. పిల్లకు రేచీకటి వచ్చిందని, కాలువ గట్టున పొన్నగంటి కూర ఉంటుంది, అది పెట్టమని నాతో అన్నది. తమ వాడకట్టులో పిల్లలకు అదే పెడతామని కూడా అన్నది. ఆ చివరి మాట నన్ను కుట్టింది. మా వడ్లు కూలికి తీసుకుపోయే మనిషి మా పిల్లకు ఏం పెట్టాలో చెప్పడమేమిటని, చెవిన పడనట్టు లోపలికి వచ్చేశాను.

ఫాల్గుణంలో ఊళ్ళోకి తట్టు వచ్చింది. మా బిడ్డకూ పోసింది. ఒళ్ళంతా ఎర్రగా పేలి, మూసిన కళ్ళు తెరవలేదు. అమ్మవారు ఇంట్లో ఉన్నదని వాకిటికి వేపమండలు కట్టాం. పోపు వాసన తగలకూడదని పొయ్యి మీద బాణలి పెట్టలేదు. నూనె లేదు, పప్పు లేదు, ఆకు లేదు, కార్జం, మాంసం మాట అసలే లేదు. రోజుల తరబడి పిల్లకు అన్నం గంజి, అందులో ఉప్పు కూడా వేయకుండా పోశాం. ఎవరూ కావాలని చేసింది కాదు. అమ్మవారిని నొప్పించకుండా సాగనంపాలని అందరం భక్తిగా, శ్రద్ధగా చేశాం. అంత శ్రద్ధగా చేయకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

వేపాకు, పసుపు నీళ్ళు పోసి అమ్మవారిని సాగనంపిన రోజు పిల్ల కళ్ళు తెరిచింది. ఎడమ కన్ను నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు పడి ఉంది. కుడి కన్ను ఎండిపోయి, మెరుపు లేకుండా, బూడిద చల్లినట్టు ఉంది. అమ్మవారు కంట్లో కూర్చుని పోయింది, మొక్కు చెల్లిస్తే ఆమే తీసేస్తుంది, దవాఖానా గిట్టదు అని మా అత్త అన్నది. మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు పగటిపూట కూడా పిల్ల గోడ పట్టుకుని నడవడం చూశాను. మా ఆయన వైపు చూశాను. ఆయన తల్లి మాట జవదాటని మనిషి. ఆ పొద్దున మాత్రం ఎవరినీ అడగకుండా పోయి బండి కట్టాడు.

ఎల్లారెడ్డి దవాఖానాలో అప్పట్లో ఒక ముసలి హకీం సాబ్ ఉండేవాడు. తెల్లటి గడ్డం, నెమ్మదైన చేతులు. బిడ్డను వెలుతురు వైపు తిప్పి రెండు కళ్ళూ చాలాసేపు చూశాడు. జ్వరం ఎన్నాళ్ళు వచ్చిందని అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"బేటీ, మీ భూమిల ఏం పండుతది?" అన్నాడు.

"వరి" అన్నాను.

"ఇంకేం పండుతది?"

"వరే."

"మరి కూర ఏది?"

నేను పచ్చిపులుసు, తొక్కు అని చెప్పాను.  ఆయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. నీళ్ళు పారే ఊళ్ళ నుంచి పిల్లలను ఎత్తుకుని వచ్చేవాళ్ళను ముందు ఇదే అడుగుతానన్నాడు. కడుపు నిండుతున్నది కదా అని తల్లులు ధైర్యంగా ఉంటారని, నిండిన కడుపుతోనే పిల్ల చూపు పోతుందని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత ఒక్క మాట అన్నాడు. ఆ మాట నేను ఎన్నడూ మరిచిపోలేదు.

"ఈ కన్ను పోయింది బేటీ. అబద్ధం చెప్ప. ఆ కన్నుకు మాత్రం ఇంకా జాన్ ఉన్నది. అది నా దవాలో లేదు, మీ చేన్ల ఉన్నది."

కన్ను కడగడానికి మందు ఇచ్చాడు. మేక కార్జం నిప్పుల మీద కాల్చి కొన్నాళ్ళు పెట్టమన్నాడు. ఆ తర్వాత రోజూ పచ్చటి ఆకు, ఒక్క పూట కూడా తప్పకుండా పెట్టమన్నాడు. మా ఇంట్లో కార్జం ఎప్పుడు వచ్చినా మగవాళ్ళ కంచాల్లోకే పోయేది, పిల్లలకు పెట్టడం నేను చూడలేదు. ఆ రోజు అంగడిలో మా ఆయన కార్జం కొని, మోదుగ ఆకులో చుట్టి, దారంతా తన ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాడు.

కార్జం దొరికింది. ఆకు ఎక్కడ? ఎండలు ముదురుతున్నాయి. మా పుట్టింటి చేలయితే ఆ నెలలో ఎండి బీడుపడి ఉంటాయి. మా ఇంటి వెనక గడ్డివాము తప్ప ఇంకేమీ లేదు. కాలువ గట్టుకు పోయి చూద్దామంటే పొన్నగంటి ఏదో, పిచ్చి మొక్క ఏదో నాకు తెలియదు. చెలకలో పుట్టిన దాన్ని, తడి నేల ఆకులు ఎరగను. తెలిసింది ఒక్కరికే. ఆమె చెప్పిన రోజు నేను మొహం తిప్పుకుని లోపలికి వచ్చాను.

ఆ సాయంత్రం నేను ఊరి అవతలి వాడకట్టుకు పోయాను. మా ఇంటి ఆడది అటు అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఇళ్ళ ముందర కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆమె అప్పుడే పొలం నుంచి వచ్చినట్టుంది, కాళ్ళకు ఇంకా బురద ఉంది. బిడ్డ కన్ను సంగతి చెప్పాను. చెబుతుంటే ఏడుపు వచ్చింది. ముందే చెప్పాను కదా అని ఆమె అంటుందని, అంటే పడాలని సిద్ధపడి పోయాను. ఆమె ఆ మాట అనలేదు. లోపలికి పోయి తట్ట తెచ్చింది.

"ఒడి పట్టుండ్రి పటేలమ్మా" అన్నది.

నేను కొంగు చాచాను. తన పిల్లల కోసం తెచ్చిన ఆకులో సగానికి పైగా నా ఒడిలో పోసింది.

ఇంటికి వచ్చాక మా అత్త రాద్ధాంతం చేసింది. వాళ్ళ చేతి కూర మన కుండలో పడుతుందా అని అడిగింది. చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడెందుకని కూడా అన్నది. నేను అంతవరకు ఆమెకు ఎదురు మాట్లాడి ఎరగను. ఆ రోజు కూడా పెద్దగా మాట్లాడలేదు. వేరే పొయ్యి పెట్టుకుంటానని మాత్రం చెప్పాను. దొడ్లో మూడు రాళ్ళు పెట్టి, మట్టి చట్టిలో ఆ ఆకు ఉడకబెట్టి, ఇంత నెయ్యి వేసి, అన్నంలో మెదిపి పిల్లకు పెట్టాను. ఆ నెయ్యి అంగడికి పోవలసిన నెయ్యి. పోనివ్వలేదు.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. పొద్దున కాలువ గట్టు, సాయంత్రం చెంబు. ఆకు పోల్చడం ఆమె నేర్పింది. కాలువ నీళ్ళు పారినంత మేరా మా మళ్ళ గట్టునే పొన్నగంటి పరుచుకుని ఉంది, మా జీతగాళ్ళు రోజూ దాన్ని తొక్కుకుంటూనే తిరిగేవాళ్ళు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. సాయంత్రం పొద్దు వాలినాక వాకిట్లో ఒక మూల ఇత్తడి చెంబు పెట్టి, అది తెమ్మని బిడ్డను పంపేదాన్ని. మొదట్లో మూడడుగులు వేసి ఆగి, చేతులు చాచేది. నేను గడప మీద కూర్చుని పళ్ళు బిగించి చూసేదాన్ని. వెళ్ళి ఎత్తుకోవాలనిపించేది. ఎత్తుకుంటే తెలియదు కదా. కొన్ని రోజులకు ఆరడుగులు. ఒక రోజు మళ్ళీ మూడే. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తర్వాత ఒక సాయంత్రం, దీపం ఇంకా వెలిగించకముందే, పిల్ల నేరుగా పోయి చెంబు ఎత్తి, నీళ్ళు ఒలకకుండా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మా అత్త అరుగు మీదనుంచి చూసింది. లేచి లోపలికి పోయింది. మర్నాడు దొడ్లో నేను పెట్టుకున్న మూడు రాళ్ళు లేవు. ఆకు చట్టి లోపలి పొయ్యి మీద ఉంది.

కూలికి వచ్చే ఆ ఆవిడకు వడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు. ఒకటే అడిగింది. నాట్లకు ముందు మగవాళ్ళు గట్లు నున్నగా చెక్కేస్తారు, కాలువ నీళ్ళు వదిలే నీరటికాడు కూలి ఆడవాళ్ళను గట్టు మీదికి రానివ్వడు. గట్టుకు ఒక పక్క చెక్కకుండా వదిలితే, పొద్దున ఒక గడియ ఆడవాళ్ళను ఆకు కోసుకోనిస్తే తమకు చాలన్నది. మా ఆయన మా గట్ల వరకు చెక్కడం ఆపించాడు. నీరటికాడితో కూడా మాట్లాడాడు. గట్టు చెక్కకపోతే సోమరి కాపు అంటారు మా దిక్కు. ఊళ్ళోవాళ్ళు అన్నారు కూడా. తర్వాత వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళే ఒక్కొక్కరు చాటుగా మా దొడ్డి దారిన వచ్చి, తమ పిల్ల కూడా సాయంత్రం గోడ పట్టుకుంటున్నదని, ఆ ఆకు ఏదో చూపించమని అడిగారు. నేను వాళ్ళను ఆ ఆవిడ దగ్గరికే పంపాను. కొందరు పోయారు. కొందరు పోలేదు. పోనివాళ్ళను తిట్టే హక్కు నాకు లేదు.

మిరుగు కార్తె ముందర నేను చెలక సంగతి ఎత్తాను. గొడ్లకు వదిలేసిన ఆ నేలలో మా పుట్టింటి పద్ధతిలో జొన్న, కంది, అనుములు, బొబ్బర్లు, పుంటికూర కలిపి వేద్దామన్నాను. నీళ్ళ భూమి ఉన్నవాడు చెలక దున్నితే నవ్వుతారని మా ఆయన అన్నాడు. కాసేపటికి, నవ్వనీ అన్నాడు. విత్తనాలకు మా అవ్వకు కబురు పెట్టాం. కన్ను సంగతి కబురులో చెప్పలేదు. ఎట్లా చెప్పాలి?

అవ్వ వచ్చింది. చిన్న చిన్న గుడ్డ మూటల్లో విత్తనాలు తెచ్చింది. పిల్ల ఎదురు పోయింది. అవ్వ దాన్ని ఎత్తుకుని, మొహం తన వైపు తిప్పుకుని, అట్లాగే నిలబడిపోయింది. నేను తట్టు సంగతి చెప్పాను, హకీం సాబ్ చెప్పింది చెప్పాను. అంతా విని వాకిట్లో చతికిలబడింది.

"పోయిన శ్రావణంల నేను తెచ్చింది సాలలేదా బిడ్డా?" అన్నది. "ఇంకింత తెచ్చేదుండె. బరువైతదని సగం చేన్లనే ఇడిసిపెట్టి వచ్చిన."

 తెచ్చినదంతా ఎడ్లు తిన్నాయని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. మా అత్త అక్కడే ఉంది. ఆమెకు తెలుసు. ఆమె కూడా తల దించుకుంది. తర్వాత మా అవ్వ ఇంకా చాలా కాలం బతికింది. సగం కూర చేనులోనే వదిలివచ్చిన పాపం తనదే అనుకుంటూ బతికింది. నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదవడానికి ఆమె లేదు.

ఆ వానాకాలం చెలక బాగా మొలిచింది. కలుపుకు నేనూ దిగాను. వరి ఇంటి కోడలు కలుపుకు దిగిందని చూడటానికి వచ్చినవాళ్ళు కొందరు, చూసి చూసి విసుగు పుట్టి పోయారు. ఎవరూ విత్తని గునుగు ఆ నేలలో కూడా తనంతట తనే లేచింది. ఒడి నింపుకుని ఇంటికి వచ్చి వండితే, మా అత్త ఉప్పు తక్కువైందని సాధించి, రెండోసారి వడ్డించుకుంది. యుద్ధం వచ్చి సర్కారు లెవీ కింద వడ్లు కొలుచుకుపోయిన ఏడు, ఆ చెలక జొన్నలే మాకు గటక అయ్యాయి. అప్పుడు ఆమె తింటూ ఏమీ సాధించలేదు.

చెలక మొలిచిన ఆ మొదటి భాద్రపదంలోనే, బిడ్డ నాతో చేనుకు వచ్చింది. ఐదేండ్లది. తనకు కూడా ఒడి కావాలని మారాం చేస్తే పాత గుడ్డ ఒకటి నడుముకు కట్టాను. అన్ని ఆకులూ పోల్చడం అప్పటికే వచ్చింది దానికి. ఏది తినేది, ఏది కానిది ఒక్క కన్నుతోనే నాకంటే ముందు చెప్పేది. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ఆకు ఏరుకుంటున్నాం. పిల్ల మంచి కన్నును అరచేత్తో మూసుకుంది. పువ్వు పడిన కన్నును ఎండకు ఎత్తి, అట్లా కొంచెంసేపు ఉంది. చెయ్యి తీసి మళ్ళీ మూసింది. రేచీకటి పోవడం తనకు గుర్తుంది. ఆకు తింటే కన్ను వచ్చిందని ఇంట్లో మేము రోజూ అనుకోవడం విన్నది.

"అవ్వా, ఈ కంటికి ఏ కూర తినాలె?" అని అడిగింది.

 అబద్ధం ఒకటి నోటి దాకా వచ్చింది. హకీం సాబ్ నాకు చెప్పనన్న అబద్ధం నేను నా బిడ్డకు ఎట్లా చెప్పేది?

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాను.

పిల్ల చేనంతా ఒకసారి కలియజూసింది.

"అయితె అన్ని తింట" అన్నది, లేచి సాళ్ళలోకి పోయి, ఒడి పట్టుకుని మళ్ళీ వంగింది.